జర్మనీలో రూమ్ చూడకుండానే డిపాజిట్ పంపొచ్చా? వద్దు, ఎందుకో చెప్తా

తమ్ముడూ, నీ సంగతి అర్థమైంది. సెప్టెంబర్ ఆఖర్లో మాగ్డెబుర్గ్ వస్తున్నావు, యూనివర్సిటీ హాస్టల్ ఇంకా వెయిటింగ్ లిస్ట్‌లోనే ఉంది, ఈలోపు వాట్సాప్ గ్రూప్‌లో ఒకాయన రూమ్ ఖాళీ అవుతోందని ఫొటోలు పెట్టి, రెండు నెలల అద్దె డిపాజిట్‌గా ముందే పంపితే నీ పేరు మీద ఉంచుతానంటున్నాడు, మన తెలుగాయనే కాబట్టి పర్లేదేమో, పంపమంటారా అని అడిగావు. పంపొద్దు. ఆయన దొంగ అని నేననట్లేదు, మంచోడే అయ్యుండొచ్చు, కానీ ఆయన మంచోడైనా సరే నీ డబ్బులు పోయే దారి ఒకటుంది, నా డబ్బులు అలాగే పోయాయి కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నా, ఓపిగ్గా చదువు.

నేను 2014లో కెమ్నిట్జ్‌లో మాస్టర్స్‌కి వచ్చా. ఇప్పటికి ఐదు ఇళ్ళు మారా. మొదటిది మన సీనియర్ ఒకతని దగ్గర తీసుకున్న రూమ్. అతను ఇంటర్న్‌షిప్‌కి వేరే ఊరు వెళ్తూ ఆర్నెల్లు నువ్వుండు అక్కా అన్నాడు (వయసులో చిన్నోడు, చదువులో సీనియర్ అన్నమాట), నేను ఆరొందల యూరోలు చేతిలో పెట్టా, కాయితం లేదు, రసీదు లేదు, మనవాడే కదా. తీరా చూస్తే అతను ఓనర్‌ని అడక్కుండానే నాకిచ్చాడు. ఇక్కడ అద్దెకున్నవాడు ఇంకొకరికి రూమ్ ఇవ్వాలంటే ఓనర్ అనుమతి ఉండి తీరాలి. నవంబర్‌లో ఓనర్ తరఫు మనిషి వచ్చి మీరెవరు, ఇక్కడ మీ పేరు మీద ఏమీ లేదే అన్నాడు. రెండు వారాల్లో ఖాళీ చేశా. ఆ కుర్రాడు నా డబ్బులు వెనక్కి ఇస్తానని మూడేళ్ళు చెప్పాడు, తర్వాత ఫోన్ ఎత్తడం మానేశాడు. అతని మీద నాకు కోపం కూడా లేదిప్పుడు, అతనికీ చట్టం తెలీదు. అందుకే చెప్పేది, రూమ్ ఇచ్చే మనిషి ఎలాంటివాడు అన్నది కాదు చూడాల్సింది, ఆ రూమ్ ఇచ్చే హక్కు అతనికి ఉందా లేదా అన్నది. కాబట్టి మీవాడిని మొట్టమొదట అడగాల్సింది ఇదొక్కటే: నీ కాంట్రాక్ట్ చూపించు, నాకిచ్చుకోవచ్చని ఓనర్ రాసిచ్చిన కాయితమో మెయిలో చూపించు. నిజాయితీ ఉన్నవాడు అరగంటలో పంపుతాడు. నామీద నమ్మకం లేదా బ్రో అన్నాడంటే అక్కడితో ఆపెయ్.

ఇంకో పెద్ద చిక్కుంది, డబ్బుల కంటే ఇదే పెద్దది. ఇక్కడ ఇంట్లో దిగిన రెండు వారాల్లో ఆ అడ్రస్ మీద మున్సిపల్ ఆఫీసులో పేరు నమోదు చేయించుకోవాలి, అన్‌మెల్డుంగ్ అంటారు. దానికి ఇల్లిచ్చినవాళ్ళు సంతకం పెట్టిన ఒక పేజీ ఫారం కావాలి, పేరు పలకడానికి నాకు ఏడాది పట్టింది, వోనుంగ్స్‌గేబర్ బెష్టేటిగుంగ్. అంటే ఈ మనిషి మా ఇంట్లో ఫలానా తేదీ నుంచి ఉంటున్నాడు అని ఇల్లిచ్చినవాళ్ళు రాసిచ్చేది. అది లేకపోతే నమోదు లేదు, నమోదు లేకపోతే ట్యాక్స్ నంబర్ ఇంటికి రాదు, వీసా పొడిగింపు దగ్గర ఇబ్బంది, బ్యాంకు దగ్గర ఇబ్బంది, పార్ట్‌టైమ్ జాబ్ దగ్గర ఇబ్బంది. మనవాళ్ళ గ్రూపుల్లో "రూమ్ ఉంది, అన్‌మెల్డుంగ్ లేదు" అని చాలా మామూలుగా రాస్తుంటారు, దాని అర్థం చాలావరకు ఓనర్‌కి తెలీకుండా ఇస్తున్నామనే. డబ్బులు తీసుకుని ఉండని అడ్రస్ మీద నమోదు చేయించేవాళ్ళు కూడా ఉంటారు, ఆ జోలికి అస్సలు వెళ్ళకు, ఉత్తుత్తి అడ్రస్ ఇచ్చినవాళ్ళకి చట్టంలో 50,000 యూరోల దాకా జరిమానా ఉంది, నువ్వేమో వీసా మీద బతకాల్సినవాడివి.

సరే, తెలిసినవాళ్ళ సంగతి అలా ఉంచి, ఆన్‌లైన్‌లో అచ్చంగా మోసం చేసేవాళ్ళ కథ ఎప్పుడూ ఒకటే. ఇల్లు ఊరి నడిమధ్యన ఉంటుంది, ఫొటోలు హోటల్‌లా ఉంటాయి, అద్దె చుట్టుపక్కల వాటికంటే బాగా తక్కువ. ఓనర్ మాత్రం దేశంలో ఉండడు, లండన్‌లో ఉద్యోగమో, భార్యకి బదిలీయో ఏదో ఒకటి. తాళాలు కొరియర్‌లో పంపుతా, డబ్బులు ఫలానా బుకింగ్ సైట్ దగ్గర భద్రంగా ఉంటాయి, నచ్చకపోతే వెనక్కి వస్తాయి అని ఒక లింక్ పంపుతాడు, ఆ లింక్ అచ్చు ఆ సైట్ లాగే ఉంటుంది కానీ అది కాదు. నమ్మకం కోసం తన పాస్‌పోర్ట్ కాపీ కూడా పంపుతాడు, అది ఇంతకుముందు మోసపోయిన ఎవరిదో అయి ఉంటుంది. అందుకే నీ పాస్‌పోర్ట్ కాపీ అడిగినోడికల్లా పంపకు, పంపాల్సి వస్తే దాని మీద అడ్డంగా "ఫలానా ఇల్లు అద్దె కోసం మాత్రమే" అని తేదీ వేసి పంపు. బ్యాంక్ స్టేట్‌మెంట్లు ఇల్లు చూడకముందు ఎవరికీ ఇవ్వక్కర్లేదు. ఇల్లు చూపించడానికి ఫీజు అడిగితే అదీ మోసమే. బ్రోకర్ ఫీజు కూడా 2015 నుంచి ఎవరు బ్రోకర్‌ని పెట్టుకుంటే వాళ్ళే కట్టాలి, ఓనర్ పెట్టిన బ్రోకర్‌కి నువ్వు పైసా ఇవ్వక్కర్లేదు.

నువ్వు ఇండియాలో ఉన్నావు, ఎలా చూస్తావు అంటావు. లైవ్ వీడియో కాల్ అడుగు, రికార్డింగ్ కాదు. ఇక్కడ మనలాగా ఫ్లాట్ నంబర్ 302 అని ఉండదు, కింద గేటు దగ్గర కాలింగ్ బెల్ పక్కన ఇంటిపేరు రాసి ఉంటుంది, పోస్ట్‌బాక్స్ మీదా అదే పేరు. ఆ మనిషిని ఫోన్ పట్టుకుని రోడ్డు మీద నుంచి మొదలుపెట్టి, వీధి పేరు బోర్డు, బెల్ మీద పేరు, మెట్లు, తలుపు తాళం తియ్యడం, అక్కడినుంచి రూమ్ దాకా ఆపకుండా నడవమను. కాంట్రాక్ట్‌లో పేరు, బెల్ మీద పేరు, బ్యాంక్ అకౌంట్ పేరు మూడూ ఒకటేనా చూడు. జర్మన్ అకౌంట్ నంబర్ డీ, ఈ (DE) అన్న అక్షరాలతో మొదలవుతుంది, ఇల్లు మాగ్డెబుర్గ్‌లో ఉండి అకౌంట్ ఇంకో దేశానిదైతే ఎందుకని అడుగు. 2025 అక్టోబర్ నుంచి యూరో దేశాల బ్యాంకులు ట్రాన్స్‌ఫర్ చేసే ముందు అకౌంట్ నంబర్‌కీ పేరుకీ పొత్తు కుదిరిందో లేదో చూపిస్తున్నాయి, పేరు కలవలేదని వస్తే అక్కడే ఆగిపో. ఇవన్నీ ఉన్నా నా సలహా మాత్రం వేరే, మొదటి మూడు నాలుగు వారాలకి ఏదైనా హాస్టల్‌లోనో, తెలిసినవాళ్ళ ఇంట్లోనో దిగి, కళ్ళతో చూసి తీసుకో. ఆ నెల ఖర్చు దండగ అనిపిస్తుంది, నేనూ అలాగే అనుకుని ఆరొందలు పోగొట్టుకున్నా.

డిపాజిట్ సంగతికొద్దాం, దీన్ని కౌట్సియోన్ అంటారు. ఇక్కడ అద్దెకి రెండు లెక్కలు. కాల్ట్‌మీటె అంటే ఒట్టి గోడల అద్దె, వార్మ్‌మీటె అంటే దానికి హీటింగ్, నీళ్ళు, చెత్త, మెట్లు తుడవడం వగైరా కలిపింది. మాటకి మాట అనువదిస్తే చల్ల అద్దె, వేడి అద్దె, నవ్వొస్తుంది కానీ లెక్కంతా దీని మీదే నడుస్తుంది. డిపాజిట్ చల్ల అద్దెకి మూడింతలు మించకూడదు, ఇది సివిల్ కోడ్‌లో 551వ సెక్షన్. అదీ ఒకేసారి కట్టమనే హక్కు ఓనర్‌కి లేదు, మూడు నెలల్లో మూడు సమాన వాయిదాలుగా కట్టుకోవచ్చు, మొదటి వాయిదా కూడా అద్దె మొదలయ్యే రోజునే, అంతకుముందు కాదు. ఇది నీకు ఎందుకు ముఖ్యమో చెప్తా. నీ బ్లాక్డ్ అకౌంట్‌లో (వీసా కోసం ఏడాది ఖర్చు ముందే జమ చేసే అకౌంట్) 11,904 యూరోలు పెట్టావు కదా, అందులోంచి నెలకి 992 మాత్రమే చేతికొస్తాయి. వచ్చిన మొదటి నెలలో మూడు నెలల డిపాజిట్, అద్దె, ఇన్సూరెన్స్, సెమిస్టర్ ఫీజు అన్నీ ఒకేసారి పడితే ఎవడి దగ్గరో అప్పు చెయ్యాల్సిందే. వాయిదాల సంగతి మర్యాదగా మెయిల్‌లో అడుగు, చట్టం తెలిసిన ఓనర్ కాదనడు. కాదంటాడేమో అని భయముంటే చేతిలో విడిగా కొంత తెచ్చుకో. నగదు మాత్రం ఇవ్వకు, ట్రాన్స్‌ఫర్ చేసి "డిపాజిట్, ఫలానా అడ్రస్, ఫలానా నెల" అని రాయి. తప్పక నగదు ఇవ్వాల్సొస్తే సంతకంతో రసీదు చేతికొచ్చాకే నోట్లు చెయ్యి మారాలి. ఓనర్ కూడా ఆ డబ్బుని తన సొంత డబ్బుల్లో కలపకుండా విడిగా, వడ్డీ వచ్చే అకౌంట్‌లో పెట్టాలి. స్టూడెంట్ హాస్టళ్ళకి ఆ వడ్డీ రూల్ లేదు.

కాంట్రాక్ట్ జర్మన్‌లో ఉంటుంది, ఫోన్‌లో ట్రాన్స్‌లేట్ పెట్టుకుని అయినా సరే మొత్తం చదువు. ముఖ్యంగా బెఫ్రిస్టెట్ అన్న మాట ఉందేమో చూడు, అంటే గడువున్న కాంట్రాక్ట్, మామూలుగా గడువు లోపల నువ్వు వెళ్ళిపోతానన్నా కుదరదు. గడువు లేని కాంట్రాక్ట్ అయితే మూడు నెలల నోటీసుతో ఎప్పుడైనా ఖాళీ చెయ్యొచ్చు. ఇంకోటి, కొంతకాలం దాకా ఖాళీ చెయ్యనని ముందే ఒప్పుకునే క్లాజ్ ఒకటి ఎక్కడో చివర్లో ఇరికిస్తారు, క్యుండిగుంగ్స్‌ఫెర్‌ట్సిష్ట్ అని ఉంటుంది, ఆ మాట కనపడితే ఎన్ని నెలలో చూసుకుని సంతకం పెట్టు. ఇంటర్న్‌షిప్ ఏ ఊళ్ళో వస్తుందో తెలీని వాళ్ళం మనం.

ఇప్పుడు అసలు విషయం, తాళాలు చేతికిచ్చే రోజు.

నా రెండో ఇల్లు ఒక రూమ్, వంటగది, బాత్రూమ్. ఓనర్ పెద్దాయన, చాలా మర్యాదస్తుడు, చేతిలో చేయి వేసి తాళాలిచ్చి వెళ్ళిపోయాడు, నేనూ సంబరంగా పాలు పొంగించుకున్నా. రెండేళ్ళ తర్వాత ఖాళీ చేసే రోజు అదే పెద్దాయన కళ్ళజోడు మార్చుకుని వచ్చాడు. వంటింటి సింక్ అంచున వేలు పెట్టి మెల్లగా లాక్కుంటూ వెళ్ళి ఒకచోట ఆపాడు. వెంట్రుకంత పగులు. నేను దిగిన రోజు నుంచీ ఉన్నదే అది, మొదటి రోజు గిన్నెలు తోముతుంటే చేతికి తగిలింది కూడా, గుర్తుంది నాకు. అదే చెప్పా. ఆయన చాలా నెమ్మదిగా, "ప్రోటోకోల్‌లో ఉందా అమ్మా?" అన్నట్టు అడిగాడు. ఏ ప్రోటోకోలూ లేదు. 1,050 డిపాజిట్‌లో 380 పట్టుకున్నాడు. ఆయన అబద్ధమాడాడని కూడా అనలేను, నిజంగానే ఆయనకి గుర్తులేదేమో, కానీ నా దగ్గర చూపించడానికి ఏమీ లేదు కదా.

అందుకని ఊబర్‌గాబె ప్రోటోకోల్ లేకుండా తాళాలు తీసుకోకు. అంటే ఇల్లు అప్పజెప్పేటప్పుడు ఏది ఎలా ఉందో రాసుకుని ఇద్దరూ సంతకం పెట్టే కాయితం. ఓనర్ తేకపోతే నెట్‌లో నమూనాలు బోలెడు దొరుకుతాయి, నువ్వే ప్రింట్ తీసుకెళ్ళు. పగటిపూట వెళ్ళు, సాయంత్రం నాలుగింటికే చీకటి పడే నెలల్లో లైట్ కింద గోడ మచ్చలు కనపడవు. కొళాయిలన్నీ తిప్పు, వేడి నీళ్ళు ఎంతసేపటికి వస్తున్నాయో చూడు, ఫ్లష్ కొట్టు, కిటికీలు తెరిచి మూసి చూడు, స్టవ్ ప్రతి ప్లేటూ వెలిగించు, ఓవెన్ లోపల చూడు, హీటర్ మర తిప్పి వెచ్చబడుతుందా చూడు, ఫ్రిజ్ వెనక, మంచం వెనక, కిటికీ మూలల్లో నల్లటి బూజు ఉందేమో టార్చ్ వేసి చూడు. గీత ఉంటే గీత, మేకు కన్నం ఉంటే ఎన్ని కన్నాలో అంకె వేసి రాయి. కరెంటు, నీళ్ళు, హీటింగ్ మీటర్ల అంకెలు, ఆ మీటర్ మీదుండే నంబర్, ఎన్ని తాళంచెవులిచ్చారు, పోస్ట్‌బాక్స్‌దీ సెల్లార్‌దీ కలిపి, అన్నీ. ఇల్లంతా ఒక వీడియో తీసి అదే రోజు ఓనర్‌కి మెయిల్ చెయ్యి, నీ ఫోన్‌లో ఉంటే ఫోన్‌తో పాటే పోతుంది. నా మూడో ఇంటికి నేను రెండు పేజీలు నింపా, ఓనరమ్మ నవ్వి "జర్మన్ల కంటే జర్మన్‌వి" అంది. ఖాళీ చేసేటప్పుడు మాత్రం పావుగంటలో అయిపోయింది, పైసా పట్టుకోలేదు.

దిగాక వచ్చే గొడవల్లో మనవాళ్ళకి ఎక్కువ తగిలేది బూజు, షిమ్మెల్ అంటారు. మనం రోజూ అన్నం వండుతాం, కుక్కర్ పెడతాం, బట్టలు రూమ్‌లోనే ఆరేస్తాం, చలికి భయపడి కిటికీ తియ్యం, ఆ ఆవిరంతా చల్లటి గోడకి పట్టి నల్లగా అవుతుంది, ఓనర్ తప్పంతా నీదే అంటాడు. రోజుకి మూడుసార్లు కిటికీలు బార్లా తెరిచి ఐదు పది నిమిషాలుంచి మూసెయ్, కొంచెంగా తెరిచి రోజంతా వదిలెయ్యడం కాదు, దానివల్ల గోడలు చల్లబడి ఇంకా ఎక్కువవుతుంది. పది యూరోల తేమ మీటర్ ఒకటి కొనుక్కుని అప్పుడప్పుడూ ఫొటో తీసి పెట్టుకో, రేపు నేను గాలి ఆడనిచ్చా అని చెప్పుకోడానికి పనికొస్తుంది. ఏది పాడైనా, హీటర్ గానీ కొళాయి గానీ, వెంటనే రాతలో చెప్పు, ఫోన్‌లో చెప్పింది రేపు రుజువు చెయ్యలేవు. బాగు చెయ్యకపోతే అద్దె తగ్గించి కట్టే హక్కు చట్టంలో ఉంది కానీ ఎంత తగ్గించాలో నీ అంతట నువ్వు తేల్చుకోకు. లెక్క తప్పి రెండు నెలల అద్దెంత బాకీ పడితే నోటీసు గడువు లేకుండానే కాంట్రాక్ట్ రద్దు చేసే హక్కు ఓనర్‌కొస్తుంది. అభ్యంతరంతో కడుతున్నా అని రాసి పూర్తిగా కట్టి, తర్వాత వెనక్కి అడగడం క్షేమం.

హాఫ్ట్‌ఫ్లిష్ట్ ఇన్సూరెన్స్ తీసుకో, అంటే నీ వల్ల ఇంకొకరికి నష్టం జరిగితే ఆ ఖర్చు భరించే బీమా, ఏడాదికి కొద్దిగానే అవుతుంది, తాళంచెవి పోవడం కూడా అందులో కలిసేలా చూసుకో. ఇక్కడ చాలా బిల్డింగుల్లో ఒకే చెవి కింద గేటుకీ నీ తలుపుకీ పనిచేస్తుంది, అది పోతే మొత్తం బిల్డింగ్ తాళాలన్నీ మార్చాలంటారు, వేలల్లో బిల్లు. అయితే ఒకటి గుర్తుపెట్టుకో, 2014లో ఇక్కడి అత్యున్నత సివిల్ కోర్టు చెప్పింది, నిజంగా మార్పిస్తేనే ఆ ఖర్చు అడగాలి, మారుస్తాం అని ఊరికే అంచనా బిల్లు పంపి వసూలు చెయ్యకూడదు అని.

ఖాళీ చేసేటప్పుడు నోటీసు కాయితం మీద, పెన్నుతో సంతకం పెట్టి ఇవ్వాలి. మెయిల్ చెల్లదు, వాట్సాప్ చెల్లదు. నెల మూడో పనిదినం లోపు ఓనర్ చేతికి అందితేనే ఆ నెల లెక్కలోకి వస్తుంది, ఒక్కరోజు ఆలస్యమైతే ఒక నెల అద్దె అదనం, నా ఫ్రెండ్ ఒకడు ఇలాగే ఒక నెల ఊరికే కట్టాడు. రిజిస్టర్డ్ పోస్ట్‌లో పంపి రసీదు దాచుకో. ఎలాగూ డిపాజిట్ ఉందిగా అని ఆఖరి రెండు నెలల అద్దె ఎగ్గొట్టమని మనవాళ్ళే సలహా ఇస్తారు, అది కూడా కుదరదు.

పసుపు గురించి ఒక మాట. తెల్లటి వంటగట్టు మీద పోపుల పెట్టె పెట్టిన చోట గుండ్రంగా పచ్చటి మరక పడి, ఎంత రుద్దినా పోక, చివరికి గట్టు మొత్తం మార్చాలని ఓనర్లు అడిగిన సందర్భాలు నేను విన్నా. మొదటి రోజే గట్టు మీద ప్లాస్టిక్ షీట్ వేసెయ్. ఇప్పటికే పడితే రసాయనాలతో గీకకు, పసుపు రంగు ఎండకి వెలుస్తుంది, కిటికీ పక్క గట్టైతే వేసవిలో కర్టెన్ తీసి ఉంచితే మెల్లగా పోతుంది, నాది అలాగే పోయింది. బాత్రూమ్ కొళాయిల మీద తెల్లటి సున్నానికి వెనిగర్, వారానికోసారి, ఏడాది తర్వాత ఒకేసారి గీకుతానంటే వదలదు.

డిపాజిట్ తాళాలిచ్చిన రోజే రాదు, లెక్కలు చూసుకోడానికి ఓనర్‌కి కొన్ని నెలలు ఇస్తారు, మామూలుగా ఆర్నెల్ల దాకా అనుకో, హీటింగ్ లెక్క తేలేదాకా కొంత పట్టుకోవచ్చు కూడా. ఆ హీటింగ్, నీళ్ళ లెక్క ఏడాదికోసారి వస్తుంది, లెక్క ఏడాది ముగిశాక పన్నెండు నెలల్లోపు నీకు అందాలి. 2019లో నాకు పద్నాలుగో నెలలో 412 యూరోలు కట్టమని బిల్లొచ్చింది, గడువు దాటిందండీ అని నాలుగు లైన్ల ఉత్తరం రాశా, మళ్ళీ అడగలేదు. ఆ నాలుగు లైన్లు నాకు రాసిచ్చింది మీటర్‌ఫెరైన్. పేరు విని కరెంటు మీటర్ల సంఘం అనుకునేవు, మీటర్ అంటే జర్మన్‌లో అద్దెకుండేవాడు, ఇది అద్దెదారుల సంఘం, ప్రతి పెద్ద ఊళ్ళోనూ ఉంటుంది, ఏడాదికి వంద యూరోల అటూఇటూ సభ్యత్వం, లాయర్లు కాయితాలు చూసి చెప్తారు. గొడవ వచ్చాక చేరదాం అనుకోకు, సభ్యత్వంతో వచ్చే కోర్టు ఖర్చుల బీమా చేరిన వెంటనే పనిచెయ్యదు, కొన్ని నెలలు ఆగాలి. స్టూడెంట్‌వి కాబట్టి ముందు మీ యూనివర్సిటీ స్టూడెంట్ యూనియన్‌లో అడుగు, చాలాచోట్ల ఉచితంగా లాయర్ సలహా ఉంటుంది.

ఇప్పుడు చెయ్యాల్సింది, ఆయనకి మెసేజ్ పెట్టు: ఓనర్ అనుమతి కాయితం ఉందా, అన్‌మెల్డుంగ్ ఫారం ఇస్తారా, డిపాజిట్ తాళాలు తీసుకున్న రోజు ట్రాన్స్‌ఫర్ చేస్తా, సరేనా. ఈ మూడిటికీ ఏమన్నాడో చెప్పు. కాంట్రాక్ట్ పంపితే పేర్లూ అడ్రస్‌లూ కొట్టేసి పెట్టు, ఆదివారం కూర్చుని చూస్తా.